అమ్మకు పోలిక

పొద్దు వాలినా ఎండ తగ్గడం లేదు. పరీక్షల కాలం కాబట్టి ఎదురింటి పిల్ల రోజూ ఈ వేళకు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చి నా మంచం పక్కన కుర్చీలో కూర్చుంటుంది. ఉద్యోగం వదిలి ఎన్నో ఏళ్లయింది గానీ ఈ పని మాత్రం నన్ను వదలలేదు. వద్దని చెప్పాలన్నా ఓపిక కావాలి కదా, అది లేకనే ఒప్పుకున్నాను. కథలు తిరగేశాం, పద్యాలు తిరగేశాం, ఇప్పుడు అలంకారాల దగ్గరికి వచ్చాం. సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్. ఈ మాటలు నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చెప్పాలని మాత్రం అనిపించదు.

"టీచర్, వార్మ్ వెల్‌కమ్ అంటే మంచిదా, చెడ్డదా?" అని అడిగింది ఆ పిల్ల.

"మంచిదే. ఆప్యాయంగా పిలిచి కూర్చోబెట్టడం."

"వార్మ్ అంటే వెచ్చగ గద టీచర్. ఎండల పడి వచ్చినోళ్లకు వెచ్చగ ఎదురైతే మంచిగెట్లుంటది? మా ఇంటికి ఎవరన్న వస్తె మమ్మీ ముందుగాల ఫ్రిజ్‌ల నీళ్లు ఇస్తది."

అయిదు పోలికలు సొంతంగా రాయమని పుస్తకం చివర ఉన్న అభ్యాసం చూపించి, రాస్తూ ఉండమన్నాను. ఆ పిల్ల తల వంచి పెన్ను కొరుకుతూ కూర్చుంది. నేను కళ్లు మూసుకున్నాను. ఇలాంటి ప్రశ్నకే ఒకప్పుడు మా తరగతి మొత్తం తప్పు జవాబు రాసింది. ఇన్నాళ్లూ దాన్ని తప్పంటూనే బతికాను.

మాది నల్లగొండకు దూరంగా, రాళ్లగుట్టల నడుమ ఉన్న ఊరు. వాన పడితే జొన్న, పడకపోతే ఏమీ లేదు. బడి పాత కచేరిలో నడిచేది. పూర్వం రైతులను నిలబెట్టి పన్నులడిగిన హాలులో మేం బండల మీద కూర్చుని చదువుకునేవాళ్లం. గోడలకు సున్నం రాలి, ఎండాకాలం వచ్చిందంటే ఆ రాతి గోడలు రొట్టె కాల్చే పెంకులా వేడెక్కేవి. ఆవరణలో ఒక వేపచెట్టు. మార్చి వచ్చేసరికి దాని పూత వాసన గదుల్లోకి వచ్చి, ఆ వాసన రాగానే పరీక్షలు దగ్గరపడ్డాయని పుస్తకాలు తీసేవాళ్లం. నాకిప్పటికీ వేపపూత వాసన గిట్టదు.

ఆ బడి తొమ్మిదో తరగతి దాకే. పదో తరగతి చదవాలంటే నల్లగొండకు పోయి, ఎవరింట్లోనో హాస్టల్లోనో ఉండాలి. మగపిల్లలకు అది పెద్ద సంగతి కాదు. తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నాన్నను మేం బాపు అనేవాళ్లం, ఆయన ముందే తేల్చి చెప్పాడు.

"ఊళ్లె పదో తరగతి పెడితె సదువుకో, నేనేం అడ్డం రాను. నల్లగొండకైతె పంప."

బాపు మొండివాడేమీ కాదు. ఒకమాట అన్నాక మళ్లీ దాని మీద మాట్లాడటం ఆయనకు చేతకాదు, అంతే. కాబట్టి నా చదువంతా ఒక్క విషయం మీద ఆగింది. ఆ ఏడు పరీక్షలకు ముందు ఇన్‌స్పెక్టరు వస్తాడు, పిల్లల ఇంగ్లీషు చూస్తాడు, బాగుందని రాస్తే జూన్ నుంచి పదో తరగతి తెరుస్తారు. లేదంటే నేను కొడవలి పట్టుకుని చేనుకు పోతాను.

ఇంగ్లీషు చెప్పే సారు పట్నం మనిషి. హైదరాబాదులో ఉర్దూలో చదువుకున్నాడు. ఆ ఏడే మా ఊరికి వచ్చాడు. సన్నటి మనిషి, మందపాటి అద్దాలు, ఎంత ఉక్కపోసినా షేర్వాణీ గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. ఆయన ఇంగ్లీషును ఉర్దూలో నేర్చుకున్నాడు, మాకు తెలుగులో చెప్పాలి. ఆయన తెలుగు పాత బండిలాగా గతుక్కుమంటూ నడిచేది. అలంకారాల పాఠం మొదలుపెట్టిన రోజు "సిమిలీ అంటే తష్బీహ్" అన్నాడు. మేం మొహాలు చూసుకున్నాం. ఆయన తలగోక్కుని, "చాంద్ లాంటి మొకం అంటరు చూడు, అది" అన్నాడు.

"పోలికనా సార్" అన్నాడు వెనక నుంచి మా తమ్ముడు. మా చిన్నబాపు కొడుకు వాడు. నాకంటే కొద్ది నెలలు చిన్న. నోరు ఊరుకోదు.

"హా, పోలిక" అని సారు ఆ మాటను రెండుమూడుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. మాకు ఆయన తష్బీహ్ ఇచ్చాడు, మేం ఆయనకు పోలిక ఇచ్చాం. లెక్క సరిపోయినట్టు నవ్వాడు.

తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి పిల్లగాడూ రోజూ ఇంటి నుంచి ఒక పోలిక తేవాలి. పెద్దవాళ్ల నోట విన్నదై ఉండాలి, సొంతంగా కల్పించగూడదు. దాన్ని తరగతిలో తెలుగులో చెబితే, అందరం కలిసి ఇంగ్లీషులోకి మార్చాలి.

ఇది వినడానికి తేలిగ్గానే ఉంది. తీరా చూస్తే మా పెద్దవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు పోలికలు వాడరు. జొన్నలు పోశావా, బర్రెకు నీళ్లు తాపావా, అంతే వాళ్ల మాట. పోలికలన్నీ తిట్టేటప్పుడే బయటికొస్తాయి. పిల్లలకు ఈ సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇక ఊళ్లో ఏ ఇంట్లో చూసినా పిల్లలు తిట్లు తినడానికే పొద్దున్నే లేచేవాళ్లు. తమ్ముడు దూడను విప్పి బర్రె పొదుగు దగ్గరికి వదిలాడు. చిన్నబాపు చెంబు పట్టుకొని వచ్చేసరికి పాలన్నీ దూడ తాగేసింది.

"జొన్నసొప్ప లెక్క పెరిగినవ్ గని బుద్ధి పెరుగలేదురా. ఎండిన బాయి లెక్క నోరు తెరుచుకొని సూస్తున్నవేంది, కట్టెయ్ దూడను."

తమ్ముడు దూడను కట్టేయలేదు. మరచిపోతానేమోనని పెదాలు కదిలిస్తూ ఆ రెండు ముక్కలూ వల్లెవేస్తూ నిలబడ్డాడు. తండ్రి తిట్టును తండ్రి ముందే వల్లిస్తున్నాడని చిన్నబాపు వీపు మీద రెండు చరిచాడు. వాడు ఆ వీపు మంటతోనే బడికి వచ్చి రెండు పోలికలు ఒప్పజెప్పి సారు చేత శభాష్ అనిపించుకున్నాడు. ఎండిన బావిని ఇంగ్లీషులోకి మార్చడానికి ఆ రోజు పీరియడంతా పట్టింది.

నాకు మాత్రం పోలిక దొరకలేదు. మా ఇంట్లో తిట్టేది అవ్వ ఒక్కతే, బాపు వాళ్లమ్మ. ఊళ్లో పేరుమోసిన నోరు ఆమెది. కానీ ఏడాదిగా అవ్వ నన్ను తిట్టడం మానేసింది. నేను కావాలని జొన్నరవ్వ గటక గిన్నె ఒలకబోశాను. అవ్వ ఒక్కమాటైనా అనకుండా నేల తుడిచి, తన గిన్నెలోని గటక నాకు పెట్టి, పచ్చిపులుసు పోసి, "తిను బిడ్డా" అంది. ఒలకబోసినందుకు నాకు సిగ్గేసింది. తిట్టనందుకు ఏడుపొచ్చింది. సారుకు ఏమీ తేలేదని చెప్పి నిలబడ్డాను.

అవ్వ తిట్టు మానడానికి కారణం మా అమ్మ పోవడం.

అంతకు ముందటి ఎండాకాలం, నా ఎనిమిదో తరగతి పరీక్షలప్పుడు. మా దిక్కు నీళ్లున్న కొందరి బావుల కింద వేసిన పల్లి పీకిన తర్వాత, భూమిలో మిగిలిపోయిన కాయను ఆడవాళ్లు ఏరుకోవచ్చు. పరిగె ఏరడమంటారు దాన్ని. ఎవరెంత ఏరితే అంత వాళ్లదే. అందుకని తల్లులంతా పిల్లలను వెంటేసుకుని పోతారు. మా అమ్మ నన్ను రానివ్వలేదు. "నువ్వు పరీక్ష రాసి రా. నీ వాటా గూడ నేనే ఏర్త" అంది. నేలేమో బండలాగా గట్టిపడి ఉంది. అందరూ పొద్దెక్కేసరికి ఇళ్లకు మళ్లారు. అమ్మ నా వాటా కోసం మధ్యాహ్నం దాకా కొడవలి కొనతో నేల గీరుతూనే ఉంది. ఇంటికి వచ్చి కడివెడు నీళ్లడిగింది. తాగలేకపోయింది. ఎండదెబ్బకు మందని అవ్వ ఉల్లిగడ్డలు దంచి ఆమె అరికాళ్లకు, ఛాతీకి పట్టించింది. నేను పరీక్ష రాసి వచ్చేసరికి ఇల్లంతా ఉల్లిగడ్డ వాసన. దీపాలు పెట్టేవేళకు అమ్మ లేదు. ఆమె కొంగులో మూటగట్టిన పల్లికాయ అలాగే ఉంది. దాన్ని మేం ఎవరమూ తినలేదు, విత్తనానికీ వాడలేదు. చివరికి ఏమైందో నాకు గుర్తులేదు.

అమ్మ గురించి నాకు ఎక్కువ మాటలు గుర్తులేవు, ఆమె మాటకారి కాదు. నడక గుర్తుంది. చేనుకు పోయేటప్పుడు ఎప్పుడూ ఎండవైపు తను నడిచేది. తన నీడ నా మీద పడేటట్టు నన్ను పక్కన నడిపించేది. దారి మలుపు తిరిగితే ఆమె కూడా అటునుంచి ఇటు మారేది. ఎందుకు మారుతుందో చిన్నప్పుడు నేను గమనించను కూడా లేదు.

ఆ ఏడు మా ఇంగ్లీషు రీడరులో ఒక పద్యం ఉంది. చలిదేశం పిల్లవాడొకడు జబ్బుచేసి పడుకుని ఉంటాడు. వాళ్ల అమ్మ తలుపు తీసుకుని గదిలోకి వస్తుంది. అమ్మ రావడం ఎండ వచ్చినట్టుంది అంటాడు వాడు. అంతే పద్యం. సారు రివిజన్ అని చిన్న పరీక్ష పెట్టి, కవి అమ్మను ఎండతో ఎందుకు పోల్చాడని అడిగాడు.

మర్నాడు కాగితాలు పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏంది ఇది? తరగతి తరగతి అంత కలిసి ఆ తల్లిని తిట్టిండ్రు. చాల కోపమున్న మనిషి అని ఒకడు రాసిండు. ఆమె వస్తే అందరు ఇంట్లకు ఉరుకుతరు అని ఒకడు. పిల్లగానికి జరమొచ్చింది ఆమె వల్లనే అని ఇంకొకడు."

"ఎండ వస్తె మరేం చేస్తరు సార్" అన్నాడు తమ్ముడు. ఇంట్లకు ఉరుకుతరని రాసింది వాడే.

సారు నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన అలా నవ్వడం మేం చూడలేదు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, తర్వాత చాలాసేపు విడమరిచి చెప్పాడు. బిలాయత్‌లో ఎండ దొరకదు. ఆ ఇంగ్లీషువాళ్ల దేశంలో నెలల తరబడి మబ్బు, చలి. ఒక్కరోజు ఎండ వచ్చిందంటే జనం పనులు వదిలి బయటికొచ్చి కూర్చుంటారు, ఈద్ నాటి చాంద్‌ను చూసినట్టు చూస్తారు. మాకు నమ్మబుద్ధి కాలేదు. అదే పుస్తకంలోని కథలో మంచులో దారితప్పిన మనిషి ఉన్నాడు. మంచే మేం చూడలేదు, అయినా అది ఉందంటే నమ్మాం. ఎండ మాత్రం మేం చూసిందే. చూసినదాన్ని ఇంకోలా నమ్మడం కష్టమైంది.

"నమ్మకున్న రాయుండ్రి" అన్నాడు సారు చివరికి. "ఇన్‌స్పెక్టర్ సాబ్ ఇదే అడుగుతడు. ఎండ అంటే మంచిది. తల్లి ఎండ లాగ వెచ్చదనం ఇస్తది, ప్రాణం ఇస్తది. అందరు అనుండ్రి."

అందరూ ఇంగ్లీషులో అన్నారు. నేను అనలేదు. సారు నా కాగితం తీసి చూశాడు. అది ఖాళీగా ఉంది.

"నువ్వు ఏం రాయలేదేంది బేటీ?"

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఊరుకోని నోరు ఊరుకోలేదు. "వాళ్లమ్మ పోయినెండకాలం ఎండ కొట్టి సచ్చిపోయింది సార్" అన్నాడు తమ్ముడు, ఎంతో మామూలుగా.

సారు మొహంలో నవ్వంతా పోయింది. ఆ తర్వాత ఆ రోజు పాఠం చెప్పలేదు. బడి వదిలేటప్పుడు నన్ను వేపచెట్టు కింద ఆపి, "ఆ పద్యం నిన్ను అడుగ. ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తే వేరే పిల్లలతో చెప్పిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటుంది. ఇన్‌స్పెక్టరు ఎవరిని అడుగుతాడో సారు చేతిలో లేదు కదా. ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని ఆ వాక్యం వల్లెవేశాను. మై మదర్ ఈజ్ లైక్ ద సన్. రొట్టె కొడుతున్న అవ్వ చేతులు ఆపింది.

"ఏందే అది, ఏం సదువుతున్నవ్?"

"ఇంగ్లీషవ్వా."

"ఇంగ్లీషని నాకు ఎరుకే. ఏమన్నట్టు?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. నాకు తోచలేదు. "మా అమ్మ పొద్దు లెక్క ఉంటది అన్నట్టు" అన్నాను.

అవ్వ నా వైపు చూడలేదు. పెనం మీది రొట్టె మాడి పొగ వచ్చింది. "మీ అమ్మను తిన్నదే పొద్దు గదనే. గా పొద్దుతోని పోలుస్తర మీ అమ్మను? గసుంటి సదువు నీకెందుకు" అని మాడిన రొట్టెను తీసి బయట కుక్కకు వేసింది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. తిట్టలేదు, ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బాపు గుమ్మం దాకా వచ్చి, మా ఇద్దరినీ చూసి, మళ్లీ బయటికి పోయి కూర్చున్నాడు. ఆ రాత్రి ఎవరమూ సరిగా తినలేదు.

ఇన్‌స్పెక్టరు మర్నాడే జీపులో మిట్టమధ్యాహ్నం వచ్చాడు. కృష్ణానదికి అవతలి వైపు నుంచి వచ్చిన మనిషి. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. రాగానే కుండలో నీళ్లు అడిగి గ్లాసు మీద గ్లాసు తాగాడు. ఎండకు అంత అల్లాడిపోయినవాడే కుర్చీలో సర్దుకుని, ఎండ పాఠమే తీశాడు. మా తరగతి పద్యాన్ని అప్పజెప్పింది. ఎందుకు పోల్చాడంటే అందరూ ఒకే గొంతుతో వెచ్చదనం ఇస్తుంది, ప్రాణం ఇస్తుంది అన్నారు. తమ్ముడి గొంతు అందరికంటే పైన ఉంది.

"బట్టీ బాగానే పట్టించారు మేష్టారూ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అర్థమైందో లేదో చూద్దాం. ఏమ్మా, నువ్వు లే. పుస్తకం మూసెయ్. పద్యంలో అమ్మ సంగతి కాదు, మీ అమ్మ సంగతి చెప్పు. మీ అమ్మకి ఒక పోలిక, ఇంగ్లీషులో."

సారు ముందుకు వచ్చాడు. "సాబ్, ఆ పిల్లను కాదు. ఇంకొకర్ని అడుగుండ్రి."

"ఏం, ఆడపిల్ల చెప్పలేదా?"

కారణం చెప్పాలంటే నా ముందే చెప్పాలి. సారు చెప్పలేక నావైపు చూశాడు. ఆయన కళ్లద్దాల వెనక ఎంత బాధపడ్డాడో నాకు ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నేను ఆయనను పట్టించుకోలేదు. తలుపులోంచి ఆవరణ కనిపిస్తోంది. ఎండ తెల్లగా, కళ్లు చిట్లించేటట్టు ఉంది. వేపచెట్టు కింద మాత్రం నల్లగా నీడ. దాన్ని చూస్తుంటే మా అమ్మ చేను దారిలో అటునుంచి ఇటు మారి నడవడం కళ్లముందుకొచ్చింది. అప్పటిదాకా తెలియలేదు, ఆ నిమిషంలో తెలిసింది, ఆమె ఎందుకు మారేదో. నా పోలిక నాకు దొరికింది.

మై మదర్ ఈజ్ లైక్, అన్నాను. అక్కడ ఆగిపోయాను.

నీడను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు.

ఎంతో వెతుక్కున్నాను. చెట్టుకు మాట తెలుసు. ఇంటికి తెలుసు. పుట్టి ఎన్నడూ చూడని మంచుకు కూడా మాట తెలుసు. నీడ మా రీడరులో ఎక్కడా రాలేదు. ఎండే దొరకనివాళ్లు రాసిన పుస్తకంలో నీడతో పనేముంటుంది. చెట్టు అందామనుకున్నాను. ఎందుకు అని అడిగితే చెప్పడానికి మళ్లీ ఆ మాటే కావాలి. ఇన్‌స్పెక్టరు చేతిలోని పెన్సిలు బల్ల మీద కొడుతున్నాడు. పదో తరగతి ఆ పెన్సిలు కొనలో ఉందని నాకు తెలుసు.

"మై మదర్ ఈజ్ లైక్ ద సన్" అన్నాను.

"వై?"

వెచ్చదనం ఇస్తుంది, ప్రాణం ఇస్తుంది అని ఇంగ్లీషులో చెప్పాను. ఎక్కడా తడబడలేదు.

"గుడ్" అని ఇన్‌స్పెక్టరు మనస్ఫూర్తిగా నవ్వాడు. చెడ్డవాడేం కాదు. "ఇంటికెళ్లి మీ అమ్మగారితో చెప్పు, ఇన్‌స్పెక్టరు గారు నిన్ను మెచ్చుకున్నారని."

సరే సార్ అని కూర్చున్నాను. తమ్ముడు కూడా నోరెత్తలేదు.

జీపు పోయిన తర్వాత సారు దగ్గరికి పోయాను. "నీడను ఏమంటరు సార్ ఇంగ్లీషుల?"

"షేడ్" అన్నాడు ఏదో సర్దుకుంటూ. తర్వాత చేతులు ఆగిపోయాయి. నేను ఎందుకడిగానో ఆయనకు తెలిసిపోయింది. కుర్చీలో కూర్చుని కాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. "పుస్తకంల లేదని నేను చెప్పలే. లేకున్న చెప్పాలె. మన కాడ అదే ముందు చెప్పాలె" అన్నాడు. నాకు అన్నాడో తనకు తాను అనుకున్నాడో తెలియదు.

ఇంటికి పోయి మూలకు కూర్చున్నాను. అవ్వ చేటలో జొన్నలు చెరుగుతోంది.

"వచ్చిండా పెద్ద సారు?"

"వచ్చిండు."

"అడిగిండా నిన్ను?"

"అడిగిండు."

"ఏం చెప్పినవ్?"

"పొద్దనే చెప్పిన" అన్నాను. ఇంక ఆమె ఏమన్నా పడదామని కూర్చున్నాను.

అవ్వ చెరగడం ఆపలేదు. పొట్టు ఊదుతూ అంది, "మంచిగ చేసినవ్. గది చెప్తెనే సదువు ఉంటదంటె, గదే చెప్పుమంటుండె మీ అమ్మ. నీ సదువు కొరకే గద పొద్దు కింద కూసున్నది." అంతలోనే గొంతు పెంచింది. "పొయ్యిల పిల్లి లెక్క గా మూలకు ఏం కూసున్నవే. లే. లేసి కాళ్లు కడుక్కొని తిను. నిన్నటి సంది తిననే లేదు, ఎండిన తుమ్మకట్టె లెక్క అయినవ్."

అమ్మ పోయిన తర్వాత అవ్వ నన్ను తిట్టడం అదే మొదలు. ఒక్కసారే రెండు పోలికలు. నేను లేచి కాళ్లు కడుక్కుని తిన్నాను.

జూన్‌లో పదో తరగతి తెరిచారు. బాపు మాట తప్పలేదు. సారు ఇంకొక ఏడు ఉండి, మా పరీక్షలు రాయించి, వేరే ఊరికి బదిలీ అయిపోయాడు. పోయేముందు ఎవరెవరి ఇంట్లోనో భోజనం చేశాడు. మా ఇంట్లోనూ చేశాడు. అవ్వ ఆయనకు జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టి, సన్నగున్నాడని ఆయనను కూడా జొన్నసొప్ప అని తిట్టింది. ఆయన నావైపు చూసి "తష్బీహ్" అని నవ్వాడు. తర్వాత ఆయన ఎక్కడున్నాడో, ఏమయ్యాడో తెలుసుకోలేదు. తెలుసుకోవాలన్న ఆలోచన వచ్చేసరికి చాలా ఆలస్యమైంది.

నేను టీచరునయ్యాను. ఇంగ్లీషే చెప్పాను. రీడర్లు మారాయి గానీ ప్రతి రీడరులోనూ ఎక్కడో ఒకచోట ఎండ మంచిదనే ఉండేది. ప్రతి ఏడూ మార్చిలో, వేపపూత వాసన వస్తుండగా, చెమటలు తుడుచుకుంటూ ఎండ అంటే ప్రేమ, వెచ్చదనం అంటే ఆదరణ అని పిల్లలతో రాయించాను. పరీక్షల్లో అలా రాయకపోతే మార్కులు రావు మరి. కొత్త తరగతికి మొదటిరోజు షేడ్ అనే మాట మాత్రం నేర్పేదాన్ని, పుస్తకంలో ఉన్నా లేకపోయినా. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో. ఏళ్లు గడిచేకొద్దీ ఎండను పొగిడి పొగిడి నా నాలుక అలసిపోయింది. ఇప్పుడు అలసట అంటే కాళ్ల నొప్పులనుకుంటారు మా ఇంట్లోవాళ్లు.

"అయిపోయింది టీచర్" అన్న మాటకు కళ్లు తెరిచాను.

ఎదురింటి పిల్ల పుస్తకం నా ఒళ్లో పెట్టింది. నాలుగు పోలికలు గైడులోంచి దించినవే. వాళ్ల నాన్న సింహంలాంటివాడు, చెల్లెలు గులాబీలాంటిది. అయిదోది మాత్రం సొంతంగా రాసినట్టుంది, రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసింది. మై మదర్ ఈజ్ లైక్ అవర్ కూలర్.

"ఇదెందుకు రాసినవ్?"

"బడి నుంచి ఎండల నడిచొచ్చి మమ్మీ పక్కన కూసుంటె సల్లగ అనిపిస్తది టీచర్. తప్పా? కూలర్‌తోని పోల్చద్దా?"

పరీక్షలో దీనికి మార్కులు వేస్తారో వేయరో చెప్పలేను. దిద్దేవాళ్ల దగ్గర వేరే జవాబు ఉంటుంది. అది నాకు తెలుసు, చాలాకాలం ఆ దిద్దేవాళ్లలో నేనూ ఉన్నాను. పెన్ను అడిగి తీసుకుని, ఆ వాక్యం పక్కన పెద్దగా టిక్కు పెట్టాను.

"కరెక్టే" అన్నాను. "మా అమ్మ కూడా అట్లనే ఉండేది."